నల్లగొండ పిల్లల మోకాళ్లు చెప్పిన కాల్షియం కథ

ఫ్లోరైడ్ అనగానే అందరం నీళ్ల గురించే మాట్లాడతాం. కంచంలో ఏముందో ఎవరూ అడగరు. నల్లగొండలో ఆ ప్రశ్న యాభై ఏళ్ల కిందటే వచ్చింది.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బే ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి నడుము, మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్ల జబ్బుగానే అది ముందు పేరుపడింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతంలో మరో రూపం చూశారు. ఈసారి పిల్లలు, ఎక్కువగా ఎదిగే వయసు మగపిల్లలు. నిలబడితే మోకాళ్లు రెండూ ఒరుసుకుంటాయి, పాదాలు మాత్రం ఎడంగా ఉండిపోతాయి. ఎక్స్‌రేలో వెన్నెముక చిక్కబడి కనిపించింది. కాళ్ల ఎముకలేమో పలచబడ్డాయి.

ఆ పలచదనమే అసలు ఆధారం. పేగుల్లో ఫ్లోరైడ్ కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది. తిండిలో కాల్షియం దండిగా ఉంటే ఆ లోటు కొంత పూడుతుంది. కానీ ఆ ఇళ్లలో పూటపూటా జొన్న గటక, జొన్న రొట్టె. వంద గ్రాముల జొన్నల్లో కాల్షియం 25 మిల్లీగ్రాములే, అదే రాగుల్లో 340 పైనే. సాగర్ కాలువలు వచ్చాక భూగర్భజలం పైకొచ్చి, జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం పెరిగి, ఒంట్లో రాగి లోహం తగ్గడం కూడా ఒక కారణమని ఆ పరిశోధకులు భావించారు. పెద్దయ్యాక ఉండే ఎముకలో దాదాపు నాలుగో వంతు పిల్లలు గబగబా పొడవు పెరిగే ఆ రెండేళ్లలోనే చేరుతుంది. దెబ్బ సరిగ్గా అప్పుడే పడింది.

తర్వాత 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం, అందులో అనుమానం లేదు. కానీ వంద గ్రాముల బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాముల దగ్గరే. ఇంట్లో బర్రె ఉన్నా పాలు పొద్దున్నే కేంద్రానికి పోయే ఊళ్లలో పిల్లల గ్లాసులోకి వచ్చేది ఎంత?

13 నుంచి 15 ఏళ్ల పిల్లలకు రోజుకు 800 మిల్లీగ్రాములు కావాలని 2010లో చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ, 2020లో దాన్ని 1000కి పెంచింది. 2023లో రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ రాగిజావ మొదలైంది. మంచి పనే, నాకు సంతోషమే. 30 గ్రాముల పిండితో కాచిన గ్లాసు జావలో కాల్షియం 100 మిల్లీగ్రాములు. మిగతా 900 ఇంటి వంటలోంచే రావాలి.