బడి గంటా, బంకు పెట్రోలూ

చిన్నతల్లికీ, పెద్దోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నతల్లి అడిగిన ప్రశ్నను "అదంతేలేమ్మా" అని దాటేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జవాబు చెప్పకుండా దాటేసిన ప్రశ్న దోమలాగా చెవి దగ్గరే తిరుగుతుంది. "ఇంటి పక్కనే బంకు ఉందిగా, నాన్న అంత దూరం పోయి ఎందుకు కొట్టిస్తాడు తాతయ్యా? పెట్రోలంటే ఎక్కడైనా పెట్రోలే కదా?" అన్నావు. నీ ప్రశ్న చిన్నదే గానీ జవాబుకు తోక పొడుగు. ఓపిగ్గా చదవండి.

పెట్రోలంటే ఒక తరగతి అనుకోండి. అచ్చం బడిలో మీ తరగతిలాంటిదే. అందులో అణువులనే వందల రకాల పిల్లలుంటారు. అందరి ఒంట్లోనూ కార్బనూ హైడ్రోజనే. చిట్టివాళ్ళ ఒంట్లో నాలుగు కార్బన్లుంటాయి, భారీ మనుషుల ఒంట్లో పన్నెండు దాకా ఉంటాయి. చిట్టివాళ్ళకు కుదురుండదు. మూత తీయగానే కిటికీలోంచి దూకి పారిపోతారు. బంకు ఇంకా దూరంగా ఉండగానే మన ముక్కుకు తగిలే వాసన వాళ్ళదే. చలి పొద్దున బండి ఒక్క కిక్కుకే అందుకుందంటే ముందు లేచింది వాళ్ళే. అందుకే మంచు కురిసే దేశాల్లో చలికాలం పెట్రోల్లో వీళ్ళని ఎక్కువమందిని చేర్చుకుంటారు, ఎండాకాలం తగ్గిస్తారు. అదే దేశం, అదే బంకు, అదే గొట్టం. లోపల పెట్రోలు మాత్రం కాలాన్నిబట్టి మారిపోతుంది!

ఇంజను లోపలికి వెళ్దాం. సిలిండరనే గొట్టంలో పైకీ కిందికీ ఆడే పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు ఆవిరినీ గాలినీ కలిపి ఒక మూలకు నొక్కేస్తుంది. అప్పుడు స్పార్క్ ప్లగ్ టప్పున నిప్పు రాజేస్తుంది. అదే బడి గంట. గంట కొట్టాక ముందు వరస లేవాలి, తర్వాత రెండో వరస, అలా చివరి దాకా. మంట కూడా అలాగే వరసగా పాకుతుంది. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్లో ఈ గంట రెండు చుట్లకోసారి, అంటే సెకనుకు 25 సార్లు మోగుతుంది.

మా బడి గంట వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. నేను ఆఖరి బెంచీవాణ్ణి. గంట విన్న క్షణం నాకు ముందు వరసా గిందు వరసా ఏమీ కనబడేది కాదు. ఓ రోజు మా బెంచీ మొత్తం మా వంతు రాకుండానే ఒక్కసారిగా లేచి గుమ్మం మీద పడ్డాం. తలుపు కీలు ఊడి మాస్టారి కాలిమీద పడింది. ఆయన ఏం చేశారో రాయను, మీ నాన్న చదివితే నవ్వుతాడు. ఇంజన్లోనూ ఇదే జరుగుతుంది. మంట తమ దాకా రాకముందే, ఒత్తిడికీ వేడికీ ఆగలేక, మూలనున్నవాళ్ళు ఒక్కసారిగా భగ్గుమంటారు. బయటికి ఇనప డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు వినబడుతుంది. మెకానిక్కులు "ఇంజను నాకింగ్ కొడుతోంది" అంటారు. అది ఎక్కువైతే తలుపు కీళ్ళు కాదు, పిస్టన్లే పోతాయి.

ఎంత నొక్కినా తన వంతు దాకా ఆగే ఓర్పుకు మార్కులు వేస్తారు. దాన్నే ఆక్టేన్ నంబరంటారు. ఐసో ఆక్టేన్ అనే బుద్ధిమంతుడికి 100. హెప్టేన్ అనే నాబోటివాడికి సున్నా. 1926లో గ్రాహమ్ ఎడ్గార్ అనే ఆయన ఈ కొలత పెట్టాడు. బంకులో 91 అని రాసి ఉంటే, వందలో 91 పాళ్ళు బుద్ధిమంతుడూ 9 పాళ్ళు తుంటరీ కలిసిన తరగతికి ఎంత ఓర్పుందో దీనికీ అంతే ఉందని. అమెరికా వాళ్ళు రెండు రకాల పరీక్షలు పెట్టి సగటు తీస్తారు, అందుకని ఒక్క పరీక్ష మార్కే రాసే చాలా దేశాల్లో 91 అని రాసే పెట్రోలే అక్కడ 87 అని కనబడుతుంది. రెండు దేశాల నంబర్లు పక్కపక్కన పెట్టి ఇది నాసి, అది మేలు అని పోట్లాడుకునే పెద్దమనుషుల్ని నేను చూశాను.

ఇంకో సంగతి. ఆక్టేన్ ఎక్కువ ఉన్నంత మాత్రాన బలం ఎక్కువని కాదు. ఓర్పు ఎక్కువ, అంతే. గట్టిగా నొక్కే ఇంజనుకు అంత ఓర్పు కావాలి, మామూలు ఇంజనుకు అక్కర్లేదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎంత అడిగితే అంత పోస్తే చాలు. పాపం, ఆ పుస్తకాన్ని సీటు కింద పెట్టిన రోజు నుంచి ఎవరూ తెరవరు.

ఈ ఓర్పు నేర్పడానికి ఒకప్పుడు బెత్తం వాడారు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం పెట్రోల్లో సీసం ఉన్న రసాయనం కాస్త కలిపితే నాకింగ్ ఆగిపోతుందని కనిపెట్టింది. 1923 నుంచి అమ్మారు. తరగతి నిశ్శబ్దమైపోయింది. కానీ ఆ సీసం పొగలోంచి గాలిలోకి, మట్టిలోకి, మనుషుల నెత్తుట్లోకి చేరింది. పసిపిల్లల మెదడుకు ఎక్కువ హాని చేసింది. బెత్తం దెబ్బ చివరికి నిజం పిల్లలకే తగిలిందన్నమాట. ఒక్కో దేశమే మానుకుంటూ వచ్చి, 2021 జులైలో అల్జీరియా కూడా ఆపేశాక గానీ ప్రపంచంలో బండ్లకు ఆ పెట్రోలు పోయడం పోలేదు. మొదలుపెట్టడానికి రెండేళ్ళు, వదిలించుకోవడానికి దాదాపు వందేళ్ళు!

దారి తప్పాను, నాన్న బంకు దగ్గరికొద్దాం. బంకు అంటే గుర్తొచ్చింది, మొదటి బంకు ఏదో తెలుసా? మందుల షాపు! 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని ఆయన చేసిన మూడు చక్రాల బండిలో పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. మధ్యలో ఇంధనం అయిపోతే వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపుకెళ్ళి, మరకలు వదిలించడానికి అమ్మే లిగ్రోయిన్ అనే పెట్రోలులాంటి ద్రవం కొని పోసింది. ఎత్తు వచ్చినచోట కుర్రాళ్ళు దిగి తోశారు. ఆ షాపు పెట్రోలు మంచిదా, ఈ షాపుది మంచిదా అని ఆవిడకు బెంగే లేదు.

ఇప్పుడు రోడ్డుకిరువైపులా రంగురంగుల బోర్డులు. కానీ చాలాచోట్ల వాటన్నిటికీ పెట్రోలు వచ్చేది ఒకే డిపో నుంచి. అంటే ఒకే బడి పిల్లలు, యూనిఫాం వేరు. ట్యాంకర్ నింపేటప్పుడు ఒక్కో కంపెనీ తన మందు కొంచెం కలుపుతుంది. తరగతిలో బోర్డు తుడిచే పిల్లాడు లాంటిదా మందు. ఇంజను వాల్వుల (గాలీ పెట్రోలూ లోపలికెళ్ళే తలుపుల) మీద మసి పేరుకోకుండా కడుగుతుంది. దీన్ని తేలిగ్గా తీసేయకండి. 2016లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ చేయించిన పరీక్షలో, తుడిచే మందు బాగా కలిపిన పెట్రోలుతో పోలిస్తే చాలీచాలకుండా కలిపినవి 19 రెట్లు ఎక్కువ మసి పట్టించాయి. కాకపోతే ఇది ఒక ట్యాంకుతో తేలేది కాదు, వేల మైళ్ళు తిరిగాక బయటపడే తేడా.

రోజువారీ తేడా నేల కింద ఉంటుంది. బంకు కింద పెద్ద ట్యాంకు ఉంటుంది కదా, వానకు దాని మూతలోంచి నీరు దిగితే? మా నాన్న పాత మోటారు సైకిలుకు పెట్రోలు కుళాయి కింద చిన్న గాజు గిన్నె ఉండేది. ఓ వానాకాలం ఎక్కడో పోయించుకున్నాక బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. నాన్న ఆ గిన్నె విప్పి నా కళ్ళెదుట పెట్టాడు. పైన పల్చగా పెట్రోలు, అడుగున గోలీకాయంత నీటి బొట్టు. గిన్నె వంచితే దొర్లుతోంది, కలవదు. వేలితో పొడిస్తే రెండయింది, వదిలేస్తే మళ్ళీ ఒకటయింది. రోడ్డు పక్కన నేను దాంతో ఆడుకుంటూ కూర్చున్నాను, నాన్న బంకువాణ్ణి తిడుతూ నిలబడ్డాడు. పెట్రోలు నీటికన్నా తేలిక, అందుకే నీరెప్పుడూ అడుక్కే.

ఇప్పటి తరగతిలో ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) అనే కొత్త కుర్రాడు చేరాడు. వాడికి అటూ ఇటూ స్నేహం. ఒక చెయ్యి పెట్రోలు భుజం మీద, ఒక చెయ్యి నీటి భుజం మీద వేసి నడుస్తాడు. వందకు పది పాళ్ళు ఇథనాల్ ఉన్న పెట్రోలు, లీటరుకు దాదాపు ఓ చెంచాడు నీటిని కనబడకుండా దాచుకుంటుంది. అది దాటిందా, కుర్రాడు పెట్రోలు చెయ్యి విడిచి నీటితోపాటు అడుక్కి పోతాడు. ఓర్పు నేర్పేవాడు వాడే కాబట్టి, పైన మిగిలిన తరగతికి మార్కులూ తగ్గుతాయి. వాడి ఒంట్లో సత్తువ పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ, మైలేజీ కాస్త తగ్గేది అందుకే. (ఈ పోలిక ఇంక సాగదు, చిరిగేలా ఉంది. వదిలేస్తున్నా.)

కాబట్టి నాన్న వెళ్ళే బంకులో బళ్ళు ఎప్పుడూ బారులు తీరి ఉంటాయా? అయితే ఆయన లెక్క సబబే. సరుకు నిలవ ఉండదు. నెలల తరబడి కూర్చున్న పెట్రోల్లో చిట్టివాళ్ళు ఎగిరిపోతారు, మిగిలింది జిగురు కడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందని కూడా ఆయన అంటాడు. పెట్రోలు పది డిగ్రీలకు వందలో ఒక పాలు ఉబ్బే మాట నిజమే గానీ, నేల కింద ట్యాంకుకు పొద్దూ మధ్యాహ్నం పెద్దగా తేడా తెలీదు. ఆ మాట ఆయనతో నేను చెప్పానని చెప్పకండి.

పెద్దోడా, నీకో పని. ఓ నోటు పుస్తకం పెట్టు. ట్యాంకు నిండా కొట్టించి మీటరు రాసుకో. మళ్ళీ నిండా కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది రాయి. దగ్గరి బంకులో ఐదు సార్లు, దూరపు బంకులో ఐదు సార్లు. ఒక్కసారికే తీర్పు చెప్పేయకు. ఎదురుగాలికీ, టైర్లో గాలి తగ్గినందుకూ, నాన్న ఆఫీసుకు ఆలస్యమైనందుకూ మైలేజీ మారుతుంది. అక్కడికీ ఇక్కడికీ తేడా కనబడితే, ఆ దూరం పోయి రావడానికి ఎంత పెట్రోలైందో కూడా తీసెయ్యి.

చిన్నతల్లీ, నీకు లెక్కల్లేవులే. ఈసారి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేవేళ నాన్నతో బంకుకు వెళ్ళు. బండి దిగి నాలుగడుగులు దూరంగా నిలబడు. పెట్రోలును చేత్తో తాకొద్దు, ఆవిరి పీల్చొద్దు. సున్నాకు నలభై డిగ్రీల కిందున్న చలిలో కూడా నిప్పు తగిలితే అంటుకునే మనిషది. గొట్టం పెట్టి కొడుతున్నప్పుడు ట్యాంకు మూతి వైపు చూస్తే ఏమీ కనబడదు. నేల మీద బండి నీడ చూడు. ఆ మూతి నీడ దగ్గర సన్నగా, అలలు అలలుగా ఏదో ఊగుతుంటుంది. రంగూ రూపూ లేని ఆవిరికి నీడ! ఆ దూకేవాళ్ళే మన చిట్టి పిల్లలు. ఎంతమందిని చూశావో నాకు ఉత్తరం రాయి.

మీ తాతయ్య