మిక్సీ, ఫ్యాన్ రిపేరు నిలవడం లేదా? అపోహలు - వాస్తవాలు

బాగుచేయించిన వస్తువు రెండు నెలలకే మళ్లీ మూలన పడితే ఎవరికైనా విసుగొస్తుంది. "ఇంకాస్త వేసుకుంటే కొత్తదే వచ్చేదిగా" అనిపిస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లుగా మేం చూసేది ఏమిటంటే, పాడైన పార్టు మారుతోంది గానీ, అది ఎందుకు పాడైందో చాలాసార్లు ఎవరూ చూడడం లేదు.

అపోహ: ఒకసారి కాలిన మిక్సీ మళ్లీ మళ్లీ కాలుతూనే ఉంటుంది.

వాస్తవం: ముందు జారును అనుమానించండి. జారు అడుగున బ్లేడు ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగితే, పచ్చడి నీళ్లు చుక్కచుక్కగా కప్లర్ (మోటారు తిప్పుడును జారు బ్లేడుకు అందించే పళ్ల చక్రం) మీదికి, అక్కడి నుంచి మోటారు పై బేరింగులోకి దిగుతాయి. బేరింగు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగి ఆర్మేచర్ (మోటారులో తిరిగే, తీగ చుట్టిన భాగం) మాడిపోతుంది. కొత్త ఆర్మేచర్ వేసి, అదే జారు పెట్టి రుబ్బితే అది కూడా అదే దారిన పోతుంది. చెడ్డపేరు మాత్రం రిపేరుకు!

ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. జారులో మూడో వంతు నీళ్లు పోసి, పొడి న్యూస్‌పేపర్ మీద 10 నిమిషాలు ఉంచండి. కాగితం తడిస్తే బుష్, వాషర్ మార్చాల్సిందే. మందపాటి గుడ్డతో బ్లేడు పట్టుకుని పక్కలకు కదపండి. ఊగితే బుష్ అరిగినట్టే. ఇంట్లో ఉన్న అన్ని జార్లనూ ఇలా చూడాలి, కారేది ఒక్కటి ఉన్నా మోటారుకు చేటే. చాలా మోడళ్లలో కప్లర్ పక్కన నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. ఎండిన పిండితో అది పూడుకుపోతుంది. ప్లగ్ తీసేసి పుల్లతో శుభ్రం చేయండి.

అపోహ: మిక్సీ తిరగలేదంటే మోటారు పోయినట్టే.

వాస్తవం: జారు తీసి, 10 నిమిషాలు ఆగి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసేది అదే. మోటారు శబ్దం వస్తూ బ్లేడు మాత్రం తిరగకపోతే కప్లర్ పళ్లు అరిగాయి. కప్లర్ విప్పేటప్పుడు ఇరుసును కదలకుండా పట్టుకుని, మోటారు తిరిగే వైపుకే తిప్పాలి. అటూ ఇటూ తెలియక బలం చూపిస్తే మర పోతుంది. నిప్పురవ్వలు ఎక్కువగా కనిపించినా, ఆగి ఆగి తిరిగినా కార్బన్ బ్రష్‌లు (తిరిగే ఆర్మేచర్‌కు కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు) చూడండి. రెండూ జతగానే మార్చాలి, అదే సైజువి వేయాలి, గూట్లో అవి సులువుగా జారాలి. బిగుతుగా ఇరుక్కుంటే స్ప్రింగు నెట్టలేదు, వారంలో అదే గొడవ. వేశాక జారు లేకుండా కొద్ది నిమిషాలు నడిపి సర్దుకోనివ్వండి.

అపోహ: ఫ్యాన్ నెమ్మదిస్తే రీవైండింగ్ (మోటారు తీగను కొత్తగా చుట్టించడం) చేయించాలి.

వాస్తవం: రెగ్యులేటరూ ఇంట్లో వోల్టేజీ బాగానే ఉంటే ముందు మార్చాల్సింది కండెన్సర్, అంటే మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగం. మామూలు సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులది ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని కెపాసిటీ తగ్గి, ఫ్యాన్ వేగమూ తగ్గుతుంది. చేత్తో తోస్తే గానీ ఫ్యాన్ కదలకపోయినా అనుమానం దాని మీదే. గాలి ఎక్కువ రావాలని 4 మైక్రోఫారడ్‌ది వేయించుకునేవాళ్లున్నారు. దయచేసి వద్దు, వైండింగ్ వేడెక్కి కాలుతుంది. పాతదాని మీద ఏ అంకె ఉందో అదే వేయాలి. మెయిన్ ఆపి, పాత కండెన్సర్ రెండు కొసలనూ ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవర్‌తో ఒకసారి కలిపాకే చెయ్యి పెట్టండి.

అపోహ: ఫ్యాన్ చప్పుడు చేస్తే నూనె వేస్తే సరి.

వాస్తవం: ఇప్పటి ఫ్యాన్లలో బేరింగులకు రెండు వైపులా రేకు మూత ఉంటుంది. నూనె లోపలికి పోదు, వైండింగ్ మీద కారి దుమ్ము పట్టిస్తుంది. బేరింగు మీద చెక్కిన నంబరు చూసి అదే తేవాలి. చాలావాటిలో 6202 ఉంటుంది.

అపోహ: ఇస్త్రీపెట్టెలో ఫ్యూజు పోతే అక్కడ వైరు ముక్క కలిపేస్తే చాలు.

వాస్తవం: వద్దే వద్దు. థర్మోస్టాట్ (వేడి చాలగానే కరెంటు ఆపేసే స్విచ్) అతుక్కుపోయిన రోజు ఇంటికి నిప్పంటుకోకుండా ఆపేది ఆ థర్మల్ ఫ్యూజే. అదే డిగ్రీలది వేసి, థర్మోస్టాట్ కూడా పరీక్షించాలి.

అపోహ: దేన్నైనా బాగుచేసుకోవడమే మేలు.

వాస్తవం: అన్నిటికీ కాదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు విప్పమని మేం ఎవరికీ చెప్పం. చవక బల్బుల్లో చిప్‌లున్న పలకకు నేరుగా మెయిన్ కరెంటే తగులుతుంది. అల్యూమినియం వైండింగ్ కాలిన చవక ఫ్యాన్‌కూ డబ్బు పెట్టడం దండగ. రాగి వైండింగ్ అయితే పెట్టొచ్చు. పాత తీగ మందం, చుట్ల సంఖ్య అలాగే చుట్టమని ముందే అడగండి. బీఎల్‌డీసీ ఫ్యాన్లలో (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే, కరెంటు తక్కువ తీసుకునే రకం) పోయేది ఎక్కువగా ఎలక్ట్రానిక్ బోర్డు. ఒక కంపెనీది ఇంకోదానికి సరిపోదు.

విడి భాగాల కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. కంపెనీల మాన్యువళ్లు, సర్వీసు వివరాలు అక్కడ ఒకచోట వెతుక్కోవచ్చు. అయితే పోర్టల్ ఉన్నంత మాత్రాన మీ ఊళ్లో పార్టు దొరుకుతుందని కాదు. అందుకే కొత్త మిక్సీ కొనేముందు మీ బజారులోని స్పేర్ పార్టుల షాపులో ఆ మోడల్‌కు బుష్, కప్లర్, బ్రష్‌లు ఉన్నాయా అని అడగండి; బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే బోర్డు ధర అడగండి.