నారు తల వాల్చిందని నీళ్లు పోయకండి: విత్తనాల చుట్టూ అపోహలు, వాస్తవాలు

అక్టోబరులో తిరుపతికి వానలు పట్టుకున్నాయంటే మా నర్సరీలో రోజూ ఇదే మాట. "టమోటా గింజలు బాగా మొలిచినాయన్నా. నాలుగు రోజులకే తలలు వాల్చేసినాయి. నీళ్లు చాల్లేదేమోనని రెండు పూటలా పోసినా. అయినా చచ్చిపోయినాయి."

పోసినందుకే చచ్చిపోయాయి. అది నారుకుళ్లు తెగులు. పిథియం, రైజోక్టోనియా లాంటి బూజు తరహా సూక్ష్మజీవులు తడి ఆరని మట్టిలో పెరిగి లేత కాడను కుళ్లబెడతాయి. ఒక మొలకను మెల్లగా లాగి చూడండి. మట్టిని తాకేచోట కాడ మెత్తబడి దారంలా సన్నబడిందంటే ఇక లేవదు. ఎండకు వాడిన మొలకకు కాడ గట్టిగానే ఉంటుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. వాలిన ప్రతిదానికీ దాహమే అనుకుని ట్రేలకు ట్రేలు పోగొట్టుకుంటున్నారు.

పడిపోయినవాటిని మట్టితో సహా తీసేయండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మిగతా నారు మొదళ్లు తడపండి. ఇకమీదట గింజలు పలచగా వేసి, పైపొర ఆరాకే నీళ్లివ్వండి, అదీ పొద్దున పూట. నారు పోసే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పైకి ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, వేలు పెట్టి చూడాల్సిందే.

తిరుచానూరు వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చేవారు. భర్త పోయాక మేడ మీద బంతి, చామంతి పెంచాలని ఆశపడ్డారు. నారు పోయినప్పుడల్లా కుంగిపోయేవారు. ఒకరోజు గింజల ప్యాకెట్ మా పనమ్మాయి చేతికిచ్చి, "నువ్వే వెయ్యి తల్లీ, నా చెయ్యి మంచిది కాదు" అన్నారు. కడుపు తరుక్కుపోయింది. ఆ టబ్బు తెప్పించి చూస్తే అడుగున ఒక్క రంధ్రమూ లేదు! మేకు కాల్చి రంధ్రాలు పెట్టి, ఆమె చేతనే గింజలు వేయించాను. కార్తీక మాసంలో ఆ బంతిపూలే గుమ్మానికి కట్టుకున్నారు. బహిష్టులో ముట్టుకుంటే మొక్క మాడిపోతుందన్నదీ ఇలాంటి మాటే. నీళ్లు నిలిచిన కుండీని వదిలేసి ఆడవాళ్ల చేతిని తప్పుపట్టడం నేను సహించలేను.

ఇక మిగతావి. వారానికే మొలవలేదని విత్తనాలు నకిలీవనేయకండి. టమోటా వారంలో వచ్చినా మిరపకు పది పన్నెండు రోజులు పట్టవచ్చు, తవ్వి చూస్తే వచ్చే మొలక కూడా విరుగుతుంది. అనుమానం తీరకపోతే పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. లోతుగా వేస్తే వేరు బలపడుతుందన్నదీ తప్పే, గింజ మందానికి రెండు మూడు రెట్లు చాలు. పెటూనియా లాంటి నలుసు గింజల మీద మట్టే కప్పకూడదు. హైబ్రిడ్ కాయలోంచి తీసిన గింజ మొలవదని భయపడేవాళ్లూ ఉన్నారు. మొలుస్తుంది, కాకపోతే కాపు ఒక్కో మొక్కకు ఒక్కో తీరుగా ఉంటుంది. ఏటా గింజ దాచుకోవాలనుకుంటే నాటు రకాలు తీసుకోండి. ప్యాకెట్లో గింజలకు రంగు పూసి ఉంటే అది సాధారణంగా మందు పట్టించిన గుర్తు, పిల్లలకు అందనివ్వకండి.