ఇంటికీ ఒక జీతం

చి. బుజ్జికి, చిన్నాకి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నా అడిగాడు కదా, "ఒక్కదానివి, నాలుగు గదులు నీకెందుకు అమ్మమ్మా? అమ్మేసి హైదరాబాదులో మా పక్కనే ఫ్లాటు కొనుక్కోవచ్చుగా" అని. నవ్వేసి మాట మార్చేశాను. వీడియోలో లెక్కలు చెప్పడం నాకు చేతకాదు. వెనకాల మీ అమ్మ మొహం కనపడుతుంటే అసలే చేతకాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు రాబడి. మీ తాతయ్య తపాలా శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆఖరి మూలవేతనంలో సగం పింఛను వచ్చేది. 2022లో ఆయన పోయాక నాకొచ్చేది ఫ్యామిలీ పింఛను, అదే జీతంలో 30 శాతం. అంటే అయిదు రూపాయలు వచ్చే ఇంట్లోకి మూడు వస్తున్నాయి. కరువు భత్యం జనవరికోసారి, జులైకోసారి పెంచుతారు గానీ అది ఈ మూడు మీదే. మనిషి పోయాక ఖర్చూ తగ్గుతుందిలే అని పరామర్శకొచ్చినవాళ్ళు అన్నారు. తగ్గినవి బియ్యం, ఆయన మందులు, ఆయన ముక్కుపొడుం. పేపరు ఇద్దరు చదివినా ఒకరు చదివినా బిల్లు ఒకటే. పనమ్మాయి నాలుగు గదులూ ఊడవాల్సిందే. మనుషుల్ని లెక్కపెట్టి ఎవరూ ఇంటిపన్ను వెయ్యరు.

అప్పుడే నేనో తప్పు చేశాను. తాతయ్య చిట్టా పుస్తకాలు మీరు చూశారుగా, ట్రంకుపెట్టెలో ఎర్ర అట్టలవి. ఈ డాబా వేసిన 1979 నుంచీ ప్రతి నెలా పాలు, బియ్యం, స్కూలు ఫీజుల కింద ఒక వరసలో "ఇల్లు" అని రాసి, దానికెదురుగా అంతో ఇంతో వేసేవారు. మొదట్లో పదిహేను రూపాయలు. ఆ డబ్బు విడిగా ఉండేది, పండక్కి బట్టలు తక్కువైనా దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. నాకు ఒళ్ళుమండేది, పిల్లలకు లేని జీతం గోడలకేమిటని. పింఛను తగ్గగానే నేను ముందు కొట్టేసిన వరస అదే.

2024 శ్రావణంలో ఓ రాత్రి మూడింటికి వంటింట్లో ధబ్బుమని చప్పుడైంది. పిల్లి కాబోలనుకుని లైటు వేశాను. గ్యాస్ పొయ్యి పక్కన, నేను రోజూ నిలబడే చోట, పళ్ళెమంత పెచ్చు ఊడిపడి ఉంది. తలెత్తి చూస్తే శ్లాబులో రెండు చువ్వలు ఎర్రగా బయటికొచ్చి కనపడుతున్నాయి. 96 నవంబరు తుఫానుకు వీధిలో చెట్లన్నీ పడిపోయినా చెక్కుచెదరని ఇల్లు మరి.

పొద్దున్నే తాపీమేస్త్రి వచ్చి, నిచ్చెనెక్కి, సుత్తి పిడితో శ్లాబంతా అడుగడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది. చెడినచోట కుండ మీద కొట్టినట్టు బోలుగా పలుకుతుంది. బోలు పలికిన ప్రతిచోటా సుద్దతో గీత గీశాడు. "ఇక్కడ కాదండి అమ్మగారూ రోగం, పైన ఉందండి" అని డాబా మీదికి తీసుకెళ్ళాడు. మోకాళ్ళు పట్టుకుని ఎక్కాను, మీ అమ్మకు చెప్పకండి. వాననీళ్ళు పోయే గొట్టం మూతిలో ఆకులు కుక్కినట్టున్నాయి. పక్కన పిట్టగోడ పగులులోంచి మూరెడు రావిమొక్క, లేత ఆకులతో ముద్దుగా. నీళ్ళు పోయే దారి లేక రెండు వానాకాలాలు అక్కడే నిలిచాయి. చెమ్మ శ్లాబులోకి దిగింది, చువ్వ తుప్పుపట్టింది. తుప్పు అసలు ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. మన కాకినాడ ఉప్పుగాలికి అది ఇంకా తొందరగా జరుగుతుందిట.

తాతయ్య ఏటా తొలకరికి ముందే డాబా ఎక్కి ఆ గొట్టం పొడిచి వచ్చేవారు. ఆయన తర్వాత ఎవరూ ఎక్కలేదు. చువ్వలు బ్రష్షుతో గీకించి, తుప్పు మందు పూయించి, కొత్త మాలు పెట్టించి, డాబాకు వాటం సరిచేయించేసరికి 38,000 అయింది. గొట్టం శుభ్రం చేయిస్తే కూలి మూడొందలు.

ఆ నెల నుంచే ఇంటికి మళ్ళీ జీతం మొదలుపెట్టాను. పోస్టాఫీసులో పెద్దవాళ్ళ పొదుపు పథకం ఉంది, అరవై దాటినవాళ్ళకి. నేను వేసినప్పుడు వడ్డీ 8.2 శాతం, అయిదేళ్ళూ మారదు. లక్షకు మూడు నెలలకోసారి 2,050 వస్తుంది. అయిదు లక్షలు ఇంటి పేరు చెప్పి అందులో వేశాను. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి, తిథి తప్పకుండా 10,250. ఆ డబ్బు ఇంటిది, నాది కాదు. ఏప్రిల్‌లో వచ్చినదాంతో ఏడాది ఇంటిపన్ను ఒకేసారి కట్టేస్తాను, అయిదు శాతం తగ్గిస్తారు. జులై డబ్బు వానలకు. ఈ ఏడు అక్టోబరు డబ్బుతో బాత్రూంలో గోడకు పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, కింద జారని టైల్సు వేయించాను. ఈ వయసులో ఇంట్లో నాకు అన్నిటికన్నా భయం ఆ తడిగచ్చంటేనే.

నా తిండికి, మందులకు పింఛను. అది చాలని నెల చూసుకోవడానికి పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో తొమ్మిది లక్షలు, ఒక్కరి పేర అంతకుమించి వెయ్యనివ్వరు. దాని మీద 7.4 శాతం, నెలకు 5,550. మిగిలింది బ్యాంకులో, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేటట్టు. పథకాల్లో వేసింది మధ్యలో తీస్తే కోత పడుతుంది. పెద్దవాళ్ళదాంట్లో రెండో ఏడు తీస్తే ఒకటిన్నర శాతం. ఆస్పత్రివాళ్ళు అడ్వాన్సు అడిగిన పూట అవన్నీ తిరగ్గలమా? ఒక్క బ్యాంకులో అయిదు లక్షలు దాటనివ్వను, బ్యాంకు మునిగితే బీమా అంతవరకే.

ఇంకో అవస్థ చెబుతాను, మీ ఇంట్లో కాగితాలూ ఓసారి చూసుకోండి. నేను పుట్టింది శ్రావణంలో. ఆధార్‌లో జనవరి 1 అని పడింది, పింఛను కాగితంలో ఈ రెండూ కాక ఇంకో తేదీ. ఎనభై నిండితే పింఛను మీద 20 శాతం అదనంగా ఇస్తారు, 85కి 30, 90కి 40. ఏ తేదీ పట్టుకుని నాకు ఎనభై నిండాయంటారు? దీనికోసం ఒక ఆఫీసు చుట్టూ రెండు నెలలు తిరిగాను, తాతయ్య అదే శాఖ మనిషైనా సరే. నాకిప్పుడు డెబ్భై ఆరు. నాలుగేళ్ళు ముందుగా సర్దుకున్నాను కాబట్టి కంగారు లేదు.

నవంబరులో బతికున్నట్టు సర్టిఫికెట్టు పోస్టుమ్యాన్ ఇంటికొచ్చి తీసుకుంటాడు. ఫోన్లో ఎవరో "మీ సర్టిఫికెట్టు ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి" అన్నాడు పోయినసారి. మా పోస్టుమ్యాన్ గొంతు నాకు తెలుసు నాయనా అని పెట్టేశాను. మోసంలో డబ్బు పోతే సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలని ఫ్రిజ్ మీద రాసి అంటించాను.

ఇక ఇల్లు ఎవరికి? మీ అమ్మకూ మామయ్యకూ ఇప్పుడే రాసిచ్చేయమని చుట్టాలు సలహాలిస్తున్నారు. దానపత్రం రాస్తే ఆరోజే చేతులు మారిపోతుంది. వీలునామా నా తర్వాతే పనిచేస్తుంది, ఈలోపు మనసు మారితే మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్టరు చేయించక్కర్లేదు, నేను మాత్రం చేయించాను. చూసుకుంటామని ఇల్లు రాయించుకుని చూడకపోతే ఆ పత్రం రద్దు చేయించుకునే వీలు తల్లిదండ్రుల, పెద్దవాళ్ళ పోషణ కోసం పెట్టిన 2007 చట్టంలో ఉంది, దానికి ఆ షరతు పత్రంలో ఉంటే మంచిది. నా పిల్లల మీద అనుమానమా అని మామయ్య చిన్నబుచ్చుకున్నాడు. అనుమానం కాదురా, నా ఇంట్లో నేను అతిథిని కాలేను అన్నాను.

ఫ్లాటు సంగతికొస్తే, మీ అపార్టుమెంటులో నెలకు మెయింటెనెన్స్ ఎంత కడుతున్నారో మీ నాన్నని అడుగు చిన్నా. అదీ ఇంటి జీతమే. అక్కడ అడిగి తీసుకుంటారు, ఇక్కడ ఎవరూ అడగరు, అంతే తేడా. డాబా ఎక్కలేని రోజు వస్తే, ఎక్కేవాళ్ళు దొరకని రోజు వస్తే, అప్పుడు అమ్మకం మాట నేనే ఎత్తుతాను.

సంక్రాంతికి వస్తున్నారుగా. భోగిమంటకు పిడకలు సిద్ధం. బుజ్జీ, పిట్టగోడ పగులు పూడ్చినచోట మళ్ళీ చిగురేదో కనపడుతోందని పనమ్మాయి అంటోంది. వచ్చినరోజే ఎక్కి చూడు. పైపైన తుంచకు, వేరు లోపల ఉండిపోతుంది. ఎర్ర అట్ట పుస్తకం ఈ ఏటిది బల్ల మీద పెడతాను, ఏం చేశావో అందులో నువ్వే రాయాలి.

ఇట్లు,
మీ అమ్మమ్మ
గాంధీనగర్, కాకినాడ