మంచులోంచి లేచిన కెప్టెన్ అమెరికా: అపోహలు - వాస్తవాలు

పాత అమెరికన్ కామిక్స్‌ను పరిశీలించడం నా వృత్తి. చేతికొచ్చిన పుస్తకం అసలు ముద్రణా కాదా, ఏ స్థితిలో ఉంది, అందులోని కథ మిగతా కథల వరసలో ఎక్కడ కూర్చుంటుంది అన్నవి చూసి చెబుతాను. నన్ను ఎక్కువమంది అడిగేది సూపర్‌హీరోల జట్టు కథల పత్రిక 'ది అవెంజర్స్' 4వ సంచిక గురించే. రెండో ప్రపంచయుద్ధం నాటి వీరుడు కెప్టెన్ అమెరికా మంచులోంచి లేచి వచ్చింది అందులోనే. స్టాన్ లీ రచన, జాక్ కర్బీ బొమ్మలు, వెల 12 సెంట్లు, ముఖచిత్రం మీద తేదీ 1964 మార్చి. మార్వెల్ సినిమాలు తెలుగు డబ్బింగులో చూసి పెరిగిన కుర్రాళ్ళు కూడా ఇప్పుడు దీని గురించి అడుగుతున్నారు. చాలా సంతోషం. అయితే వాళ్ళకు తెలిసింది సినిమా కథ. కామిక్ కథ వేరు, దాని వెనక జరిగింది ఇంకా వేరు.

అపోహ: కెప్టెన్ అమెరికా స్టాన్ లీ సృష్టి.

కాదు. జో సైమన్, జాక్ కర్బీ కలిసి సృష్టించారు. 1941 మార్చి తేదీతో వచ్చిన 'కెప్టెన్ అమెరికా కామిక్స్' మొదటి సంచిక ముఖచిత్రం మీదే అతను హిట్లర్ దవడ మీద గుద్దుతుంటాడు. అమెరికా అప్పటికింకా యుద్ధంలోకి దిగలేదు. ఆ సంచికలో డాలు గుండ్రంగా ఉండదు, కింద మొనదేలి ఉంటుంది. రెండో సంచికకు గుండ్రమైంది. లీ పేరు మూడో సంచికలో, రెండు పేజీల వచన కథకు కనిపిస్తుంది. అప్పటికి అతను టీనేజీ దాటని కుర్రాడు. డాలును విసరడం మొదలైంది ఆ కథలోనే. ఆ ఘనత మాత్రం లీదే.

అపోహ: అతను అవెంజర్స్ వ్యవస్థాపకుల్లో ఒకడు.

1963లో జట్టు కట్టింది ఐరన్ మ్యాన్, థోర్, హల్క్, యాంట్ మ్యాన్, వాస్ప్. రెండో సంచికలోనే హల్క్ అలిగి వెళ్ళిపోయాడు. కెప్టెన్ చేరింది నాలుగో సంచికలో. వ్యవస్థాపకుడితో సమానమైన హోదా తర్వాత గౌరవంగా ఇచ్చింది.

అపోహ: యుద్ధం చివర్లో మంచులో గడ్డకట్టాడు, 1964లో లేచాడు, మధ్యలో ఏమీ లేదు.

నా దృష్టిలో అసలు విషయమంతా ఇక్కడే ఉంది. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

4వ సంచికలో ఏముందో ముందు చూద్దాం. ఉత్తరాన మంచు ప్రాంతంలో కొందరు ఒక మంచుదిమ్మెలోని మనిషిని దేవుడిగా కొలుస్తుంటారు. సముద్రగర్భ రాజ్యానికి రాజైన సబ్‌మెరైనర్ నేమోర్ కోపంతో ఆ దిమ్మెను సముద్రంలోకి విసిరేస్తాడు. వెచ్చటి నీటి ప్రవాహంలో మంచు కరుగుతుంది. జలాంతర్గామిలో వెళ్తున్న అవెంజర్స్ ఆ మనిషిని లోపలికి లాగుతారు. చిరిగిన సైనిక దుస్తుల కింద కెప్టెన్ వేషం బయటపడుతుంది. కళ్ళు తెరుస్తూనే "బకీ" అని అరుస్తాడు. యుద్ధం చివరి రోజుల్లో, పేలుడు పదార్థాలు నింపిన విమానాన్ని ఆపబోయి తన జతగాడు బకీ పోయాడనీ, తాను సముద్రంలో పడ్డాననీ చెబుతాడు.

మరి 1945 తర్వాత అచ్చయిన కథల సంగతి? 'కెప్టెన్ అమెరికా కామిక్స్' 1950 దాకా నడిచింది. 1948 నాటి 66వ సంచికలో బకీకి తూటా తగులుతుంది, అతని స్థానంలో కెప్టెన్‌కు జతగా గోల్డెన్ గర్ల్ అనే అమ్మాయి వస్తుంది. 1945లో పోయినవాడికి 1948లో తూటా ఎలా తగిలింది? అంతటితో అయిపోలేదు. 1953లో 'యంగ్ మెన్' 24వ సంచికతో కెప్టెన్ మళ్ళీ వచ్చాడు. 1954లో సొంత పత్రికే మూడు సంచికలు వెలువడింది, ముఖచిత్రం మీద 'కమ్యూనిస్టులను చితక్కొట్టేవాడు' అన్న బిరుదుతో. లీ, కర్బీల కథ ఈ తొమ్మిదేళ్ళనూ పట్టించుకోలేదు. అప్పటి పాఠకుల్లో పిల్లలే ఎక్కువ. పదేళ్ళ కిందటి పుస్తకాలు వాళ్ళ దగ్గర ఉండవు కదా.

అపోహ: ఆ వైరుధ్యాన్ని ఎవరూ సరిచేయలేదు, మార్వెల్ అలా వదిలేసింది.

సరిచేశారు. ఆ సరిచేసిన తీరు మూల కథ కంటే గొప్పదని నా గట్టి నమ్మకం. 1972లో రచయిత స్టీవ్ ఎంగిల్‌హార్ట్, చిత్రకారుడు సాల్ బుసేమా 'కెప్టెన్ అమెరికా' 153 నుంచి 156 దాకా ఒక కథ నడిపారు. దాని ప్రకారం 1950లలో కనిపించిన కెప్టెన్ అసలు స్టీవ్ రోజర్స్ (కెప్టెన్ అసలు పేరు) కాదు. కెప్టెన్ మీద పిచ్చి అభిమానమున్న ఒక చరిత్ర పరిశోధకుడు కెప్టెన్‌కు బలమిచ్చిన సీరమ్ (మందు) సూత్రాన్ని నాజీ దస్తావేజుల్లో సంపాదించి, ముఖానికి శస్త్రచికిత్స చేయించుకుని, పేరు కూడా స్టీవ్ రోజర్స్ అని మార్చుకున్నాడు. సీరమ్‌తో పాటు పడాల్సిన వైటా కిరణాలు పడకపోవడంతో మతి చెడింది. కనిపించినవాళ్ళందరూ శత్రువుల్లా తోచారు, అమాయకులైన నల్లజాతివాళ్ళ మీదా దాడికి దిగాడు. చివరికి ప్రభుత్వమే అతన్ని నిద్రావస్థలో ఉంచింది.

155వ సంచిక దొరికితే పేజీలు నెమ్మదిగా తిప్పండి. ఒకచోట గీత మారిపోతుంది. అవి 'యంగ్ మెన్' 24లో జాన్ రొమీటా గీసిన పేజీలే, మాటలు మార్చి అలాగే వాడుకున్నారు. పనికిరాదని పక్కన పెట్టిన కథను సాక్ష్యంగా తెచ్చి చూపించడమంటే ఇదీ. బొమ్మ పాతదే, అర్థం పూర్తిగా మారిపోయింది. ఆ నకిలీ నిద్రలేచాక, నిజమైన కెప్టెన్ తన పేరు పెట్టుకున్న ద్వేషంతోనే తలపడాల్సి వచ్చింది. కంటిన్యుటీ, అంటే కథల మధ్య పొంతన, లెక్కల పుస్తకం లాంటిది అనుకునేవాళ్ళు ఈ నాలుగు సంచికలు తప్పక చదవాలి.

ఇక 1945 నుంచి 1949 దాకా ఉన్న ఖాళీని 1977లో 'వాట్ ఇఫ్' 4వ సంచికలో రాయ్ థామస్ పూరించాడు. ఆ కాలంలో మరో ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు ఆ వేషం వేశారన్నాడు. పత్రిక పేరు 'ఇలా జరిగి ఉంటే' అన్నట్టున్నా ఈ కథను మాత్రం అసలు వరసలోకే తీసుకున్నారు.

అపోహ: బకీని తిరిగి తేవడం పాత కథకు చేసిన ద్రోహం.

4వ సంచికలో ఆ పేజీ తీసి చూడండి. విమానం పేలుతుంది, శవం ఎక్కడా కనిపించదు. 2005లో ఎడ్ బ్రూబేకర్, స్టీవ్ ఎప్టింగ్ ఆ సందులోంచే బకీని వింటర్ సోల్జర్ అనే కొత్త పేరుతో తెచ్చారు. నలభై ఏళ్ళు బకీ చావును ఎవరూ ముట్టకూడదనుకున్న అభిమానుల బాధ నాకు అర్థమవుతుంది. అయినా బ్రూబేకర్, ఎప్టింగ్ పాత పేజీలో ఒక్క గీత కూడా చెరపలేదు.

అపోహ: అతను ఎన్నేళ్ళు నిద్రపోయాడన్నది స్థిరమైన లెక్క.

1964లో అది దాదాపు ఇరవయ్యేళ్ళు. యుద్ధకాలం కదలదు, మార్వెల్ 'ఇప్పుడు' మాత్రం మనతో పాటు ముందుకు జరుగుతూ ఉంటుంది. అందుకే నిద్ర పొడుగవుతూ వచ్చింది. దీని దెబ్బ చుట్టాల వరసల మీద కూడా పడింది. కెప్టెన్ ప్రేయసి షారన్ కార్టర్ మొదట్లో, యుద్ధకాలంలో అతను ప్రేమించిన పెగీకి చెల్లెలు, వయసులు పొసగక తర్వాత మేనకోడలైంది.

అపోహ: పాతబడి పసుపెక్కిన ప్రతి 4వ సంచికా అసలుదే.

1966లో గోల్డెన్ రికార్డ్ సంస్థ ఇదే కథను గ్రామఫోన్ రికార్డుతో కలిపి మళ్ళీ అచ్చేసింది. దానికీ ఇప్పుడు దాదాపు అరవయ్యేళ్ళు, కాగితం అదీ పసుపెక్కుతుంది. కొనేముందు ముఖచిత్రం మీద వెల చూడండి. 12 సెంట్లు అని లేకపోతే అది రికార్డుతో వచ్చిన ప్రతి కావచ్చు. అసలు ముద్రణ వెల పెట్టకండి. చదవడానికైతే నిశ్చింతగా తీసుకోండి, కథ అదే. అది పూర్తయ్యాక నేరుగా 1972 నాటి 'కెప్టెన్ అమెరికా' 153కి వెళ్ళండి.