మధ్యాహ్నపు మిద్దె గదిలో లాప్‌టాప్

ఒంగోలు.

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ 14 అంగుళాల లాప్‌టాప్ కొనాలనుకుంటున్నారనీ, ఏది మంచిదో నన్నడగమన్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కంపెనీ పేరు నేను చెప్పలేను గాని, చూడవలసిన తీరు రాస్తున్నాను.

నా లాప్‌టాప్‌ను కర్నూలు రోడ్డులోని ఒక షాపులో, ఏసీ గాలిలో నిలబడి, పది నిమిషాలు చూసి కొన్నాను. అక్కడ దాని ఫ్యాను చప్పుడే వినపడలేదు. మే నెలలో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, మిద్దె మీది గదిలో దాన్ని బొంత మీద పెట్టుకుని మీ అత్త పెళ్ళి వీడియోను కత్తిరించబోతే, అది కాసేపు రొద చేసి, ఆ తర్వాత నత్తనడక పట్టింది. తప్పులో సగం నాదే, ఎందుకంటే గాలి పీల్చుకునే రంధ్రాలు దాని అడుగున ఉంటాయి, వాటిని బొంత మూసేసింది.

మిగతా సగం ఎండది. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకు వేడెక్కితే, చెడిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యాను గదిలో ఉన్న గాలినే విసరగలదు కాబట్టి, షాపులో 24 డిగ్రీల గాలితో చల్లబడిన యంత్రం మన గదిలో 38 డిగ్రీల గాలితో సరిపెట్టుకోవాలి. అందుచేత ఎంత వేగమన్నది కాక, ఆ వేగం ఎంతసేపు నిలుస్తుందన్నది చూడండి. కొన్నవాళ్ళెవరైనా తెలిసివుంటే, బరువైన పని ఒకటి అరగంటపాటు మళ్ళీ మళ్ళీ చేయించి, మొదటిసారికీ చివరిసారికీ పట్టిన సమయాలను పోల్చండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర యు ఉంటే సాధారణంగా 15 వాట్ల రకం, హెచ్ ఉంటే 28 నుంచి 45 వాట్ల రకం. పలచని ఒంట్లో 45 వాట్లది పెట్టడం బండలాగుడు పోటీలో దూడకు పెద్ద ఎడ్ల బండ కట్టినట్టే. మీ చదువుకు మొదటిది చాలు.

ర్యామ్ మాత్రం 16 జీబీ తీసుకోండి. పలచని వాటిలో చాలావరకు దాన్ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేరు. 512 జీబీ డిస్కును విండోస్ 476గా చూపిస్తే కంగారు పడకండి, అది లెక్కించే పద్ధతిలో తేడా మాత్రమే.

తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10 అయితే, అదే 14 అంగుళాల 16:9 తెరకన్నా దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు ఎక్కువ, పాఠాలు చదివేవాళ్ళకు అది పనికొస్తుంది. అద్దంలా మెరిసే తెర వసారాలో కూర్చుంటే మీ ముఖాన్నే చూపిస్తుంది. మూతను ఒక్క వేలితో ఎత్తి చూడండి. కింది భాగం కూడా లేస్తే కీలు బిగువు సరిగా కుదరలేదన్నమాట.

కీబోర్డును ఎవరూ పట్టించుకోరు, నాకు అదే ముఖ్యం. తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో గుణింతపు గుర్తులు ఎడమచేతివైపూ, హల్లులు ఎక్కువగా కుడిచేతివైపూ ఉంటాయి. అందులో చ, ట, డ కుడి అంచుకు దగ్గరి మీటల మీద పడతాయి. చిన్న లాప్‌టాప్‌లలో కొన్నిటికి ఆ అంచు మీటలనే ఇరుకు చేస్తారు. షాపులో ‘చెట్టు’, ‘అడవి’ అని నాలుగుసార్లు టైపు చేసి చూడండి, చిటికెనవేలు చెబుతుంది.

బ్యాటరీ గంటలను ప్రకటన చూసి నమ్మక, లెక్క వేసుకోండి. 56 వాట్-అవర్ల బ్యాటరీ, మీ పని సగటున 8 వాట్లు తాగితే 7 గంటలు వస్తుంది. 14 తాగితే 4 గంటలే. నిండా ఛార్జి ఎక్కి వేడిలో ఉండటం లిథియం బ్యాటరీకి పడదు కనుక, 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉందేమో అడగండి.

బరువు చూసేటప్పుడు ఛార్జర్‌ను కూడా పెట్టెలోంచి తీయించి, రెండూ కలిపి తూకం వేయించండి. బస్టాండు నుంచి హాస్టలుదాకా మోసేది రెంటినీ కదా.

ఇట్లు,
మీ తాతయ్య