మోషన్ టెస్టులో ‘నిల్’ వస్తే పురుగులు లేనట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పన్నెండేళ్ల నుంచి మైక్రోస్కోప్ ముందు కూర్చుంటున్నాను. పిల్లల మోషన్ టెస్టుకు వచ్చే అమ్మానాన్నల నోట దాదాపు రోజూ వినే మాటలే ఇవి.

అపోహ: నిద్రలో పళ్లు కొరుకుతున్నాడంటే కడుపులో పురుగులున్నట్టే.

పళ్లు కొరకడం గానీ, బుగ్గల మీద తెల్లమచ్చలు గానీ, బెల్లం ఎక్కువ తినడం గానీ పురుగులకు గుర్తులు కావు. బెల్లంలోంచి పురుగులు పుట్టవు. ఇంకో మాట, పురుగులు కొద్దిగానే ఉన్న పిల్లల్లో బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. కాబట్టి ముఖం చూసి తేల్చే పని కాదిది.

అపోహ: రిపోర్టులో ‘ఓవా, సిస్ట్ నిల్’ (గుడ్లు, సిస్టులు కనబడలేదు) అని వచ్చింది, ఇక టెన్షన్ లేదు.

ఇది మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి. మేము స్లైడ్ మీద పెట్టేది అగ్గిపుల్ల కొనకు అంటుకున్నంతే. ఏలికపాము ఆడది రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది కాబట్టి అది దొరకడం తేలిక, హుక్‌వార్మ్ (కొంకిపురుగు) పెట్టేవి వేలల్లోనే, పైగా గుడ్లు మలమంతా సమానంగా కలిసి ఉండవు, ఒకరోజు ఎక్కువ పడితే మర్నాడు తక్కువ పడతాయి. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు అడుగుతాం. మమ్మల్ని తిప్పుతున్నారు అనుకోకండి. ఏలికపాము గుడ్డు నోట్లోకి పోయాక అది పెరిగి తాను గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆలోపు ఎన్నిసార్లు చూసినా మలంలో ఏమీ ఉండదు. అనుమానం గట్టిగా ఉంటే ఫార్మాలిన్-ఈథర్ వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరింది చూసే పద్ధతి చేయిస్తారా అని డాక్టరును అడగండి.

అపోహ: శాంపిల్ ఎప్పుడు తెచ్చినా ఒకటే.

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకమ్మ ముందురోజు సాయంత్రం పిల్లాడు మోషన్ వెళ్లింది పాలిథిన్ కవర్లో కట్టుకుని పొద్దున బస్సెక్కి వచ్చింది, ఏప్రిల్ నెల, అప్పటికి పదకొండు దాటింది. ఆమెను నేనేమీ అనలేదు, ముందుగా ఎవరూ చెప్పలేదు మరి. ఈ వేడికి హుక్‌వార్మ్ గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పొదిగి లార్వాలు బయటికొస్తాయి, అప్పుడవి హుక్‌వార్మ్‌వా, స్ట్రాంజిలాయిడిస్ అనే మరో రకం పురుగువా అని తేల్చడం కష్టం. రెండోదానికి మందే వేరు. నేలమీంచి ఎత్తి తెస్తే మట్టిలో ఉండే వేరే పురుగులు కూడా కలుస్తాయి. పొడి డబ్బాలో, మూత్రం కలవకుండా పట్టి రెండు గంటల్లో తెచ్చివ్వండి.

మా వైపు కూడా టైమ్ అంతే ముఖ్యం. సర్వేల్లో వాడే కాటో-కాట్జ్ పద్ధతిలో 41.7 మిల్లీగ్రాముల మలం తీసి, కనబడిన గుడ్లను 24తో హెచ్చవేసి గ్రాముకు లెక్క కడతాం. నేను నేర్చుకునే రోజుల్లో ఒక స్లైడ్‌లో పల్చటి పెంకు, లోపల నాలుగైదు కణాలు, స్పష్టంగా హుక్‌వార్మ్ గుడ్లు చూసి, భోజనం చేసొచ్చి మా సార్‌కు చూపిద్దామని పెడితే ఒక్కటీ లేదు. ఈ పద్ధతిలో వాడే గ్లిజరిన్‌కు గంటలోపే అవి కరిగినట్టు మాయమవుతాయి. ఏలికపాము గుడ్లు, మృదంగంలా రెండు కొసలా మూతలున్న విప్‌వార్మ్ (కొరడాపురుగు) గుడ్లు మాత్రం నిలుస్తాయి.

అపోహ: రాత్రిళ్లు వెనకాల దురద అంటోంది, మోషన్ టెస్టులో తెలిసిపోతుంది.

సాధారణంగా తెలియదు. ఆ దురద పెట్టే సన్న తెల్ల నులిపురుగు రాత్రిపూట బయటికొచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది. పొద్దున్నే, స్నానం చేయించకముందు, కడగకముందు పారదర్శకమైన టేపు అక్కడ అద్ది స్లైడ్ మీద అంటించి తేవాలి, వరుసగా మూడు రోజులు చేస్తే మంచిది.

అపోహ: మాది ఎండనేల, ఇక్కడ పురుగులెక్కడివి?

చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు కింద చేయి పెట్టి చూడండి, నీడ, తేమ రెండూ ఉంటాయి. హుక్‌వార్మ్ లార్వాకు కావలసినవి అవే. పిల్లలు అక్కడ చెప్పుల్లేకుండా తిరిగితే పాదాల చర్మంలోంచే లోపలికి పోతుంది.

అపోహ: స్కూల్లో పురుగుల మాత్ర వేశారు, టెస్టు అనవసరం.

ఫిబ్రవరి 10, ఆగస్టు 10న ఇచ్చే ఆల్బెండజోల్ తప్పకుండా వేయించండి, టెస్టు లేకుండా అందరికీ ఇవ్వగలిగినంత సురక్షితమైన మందు అది. కానీ ఒక్క డోసు విప్‌వార్మ్ మీద బాగా పనిచేయదు. మాత్ర వేశాక కూడా బిడ్డకు రక్తం తక్కువ, కడుపునొప్పి అంటుంటే రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చూపించండి, డబ్బా మీద పేరుతోపాటు మోషన్ వెళ్లిన టైమ్, చివరిసారి మాత్ర వేసిన తేదీ రాసివ్వండి.